ఒక్క రూలు తీసేసి ఆడి చూడు

చిట్టితల్లికి దీవెనలు.

గేములు తయారుచేయడం నేర్చుకోవాలంటే పాతవాటిలో వేటిని ఆడాలి, ఎలా ఆడాలి అని అడిగావు. గేమింగ్‌ను మార్చేసిన వంద గేములు అంటూ జాబితాలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. వాటి జోలికి పోకు. వంద గేములు తలా అరగంట ఆడితే వేళ్లు నొప్పి పుడతాయి గానీ బుర్రకెక్కేదేమీ ఉండదు. ఆరేడు చాలు. ఒక్కోదాన్నీ గడియారం విప్పినట్టు విప్పాలి, అంతే.

ఒక్కో గేముకీ మూడు పనులు. మొదట కనీసం నాలుగు గంటలు ఆడు, ఒకే రోజు కాకుండా రెండు మూడు విడతలుగా. తర్వాత దాని నకలు ఒకటి నీ చేత్తో రాయి. బొమ్మలు, సంగీతం అక్కర్లేదు, రంగు చతురస్రాలు సరిపోతాయి. మూడోదే అసలు పని: నీ నకలులోంచి ఒక్క రూలు తీసేసి మళ్లీ ఆడు. కొన్ని రూళ్లు తీసినా గేముకు ఏమీ కాదు. ఒకటో రెండో తీస్తే మాత్రం ప్రాణం పోతుంది. తర్వాతి తరాలవాళ్లు ఎత్తుకుపోయింది సాధారణంగా ఆ ఒకటో రెండో.

మొట్టమొదటిది, ప్రభావం చూపినది ఒకటే అనుకోకు. బ్యాటుతో బంతిని అటూ ఇటూ కొట్టే పాంగ్ కంటే ఏడాది ముందే, 1971లో, కంప్యూటర్ స్పేస్ అనే, నాణెం వేసి ఆడే గేము మిషన్ వచ్చింది. దాన్ని తయారుచేసిన నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీలే తర్వాత అటారీ కంపెనీ పెట్టారు. కానీ జనం ఎగబడింది పాంగ్ మీద. స్ట్రీట్ ఫైటర్ 1987లోనే వచ్చినా, ఫైటింగ్ గేములన్నీ పోలికలు తెచ్చుకున్నది 1991 నాటి రెండో భాగం నుంచే. నీ పుస్తకంలో తేదీ పక్కన "దీన్ని చూసి ఎవరు ఏం నేర్చుకున్నారు" అని ఒక గడి పెట్టుకో. అది ఖాళీగా మిగిలితే ఆ గేమును పక్కన పెట్టేయొచ్చు.

ఆడేముందు సరంజామా సరిచూసుకో, లేకపోతే లేని తప్పులు గేముకు అంటగడతావు. టీవీలో ఆడుతుంటే గేమ్ మోడ్ ఆన్ చెయ్యి. అది లేకుండా కొన్ని టీవీలు 100 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం చేస్తాయి. సెకనుకు 60 ఫ్రేముల, అంటే 60 బొమ్మలు మారే, గేములో అది ఆరు ఫ్రేములు. మారియో జంప్ మొద్దుగా ఉందనుకుంటావు, మొద్దుగా ఉన్నది టీవీ. యూరప్ కోసం వచ్చిన 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఫ్రేముల) వెర్షన్లలో చాలావాటిని ఆ వేగానికి తిరిగి సర్దలేదు, సుమారు 17 శాతం నెమ్మదిగా నడుస్తాయి. 60 హెర్ట్జ్‌వే తీసుకో. బొమ్మ వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలోనే ఉండాలి. వెడల్పు స్క్రీన్ నిండా సాగదీస్తే దూరాల అంచనా తప్పుతుంది. ఎమ్యులేటర్‌లో, అంటే పాత మిషన్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌లో ఆడితే, రివైండ్, సేవ్ స్టేట్ (ఏ క్షణాన్నైనా దాచుకుని మళ్లీ అక్కడి నుంచే ఆడటం) రెండూ ఆపేయి. చావుకు భయం లేకపోతే ఆ గేము ఎందుకలా ఉందో నీకు ఎన్నటికీ అర్థం కాదు. గేము కాపీలు ఎక్కడివి పడితే అక్కడివి దించుకోకు, కంపెనీలు విడుదల చేసిన అధికారిక సంకలనాల్లో ఇవి చాలా మటుకు దొరుకుతాయి. ఎవరో ఆడుతుంటే వీడియోలో చూడటం ఈ లెక్కలోకి రాదు.

పాంగ్‌తో మొదలుపెట్టు. 1972లో అటారీకి అల్లన్ ఆల్కార్న్ చేసిన ఆ మిషన్‌లో ప్రోగ్రామే లేదు, అంతా లాజిక్ చిప్పుల వైరింగ్. నకలు రాసేవాళ్లు చాలామంది బంతిని వచ్చిన కోణంలోనే తిప్పి పంపిస్తారు. పది నిమిషాల్లో విసుగొస్తుంది, ఎందుకో తెలియదు. ఆల్కార్న్ బ్యాటును ఎనిమిది ముక్కలుగా లెక్కపెట్టాడు. నడిమి ముక్కలకు తగిలితే బంతి నేరుగా పోతుంది, అంచు ముక్కలకు పోయేకొద్దీ ఏటవాలుగా పోతుంది. అంటే కొట్టడంలో గురి వచ్చింది, అంచుతో కొట్టడంలో సాహసం వచ్చింది. ఆట సాగేకొద్దీ బంతి వేగం పెరుగుతుంది. సర్క్యూట్ లోపం వల్ల బ్యాటు స్క్రీన్ పైఅంచు దాకా పోలేదు. ఆల్కార్న్ దాన్ని కావాలనే వదిలేశాడు, లేకపోతే చేయి తిరిగినవాళ్ల ఆట తెమలదు. నీ నకలులో మాత్రం ఒక చిక్కు వస్తుంది: వేగం పెంచాక బంతి బ్యాటులోంచి దూరిపోతుంది. ఒక ఫ్రేములో బంతి కదిలే దూరం బ్యాటు మందాన్ని మించినప్పుడు జరిగేది అదే. పాత స్థానం నుంచి కొత్త స్థానానికి గీత గీసి, ఆ గీత బ్యాటును కోసిందా అని చూడు.

స్పేస్ ఇన్వేడర్స్‌కు ఒక సాయంత్రం చాలు. 1978లో తైతో కంపెనీ కోసం తొమొహిరో నిషికాదో చేసినది, పై నుంచి దిగొచ్చే శత్రువుల దండును కింది నుంచి కాల్చాలి. ఐదు వరసలు, వరసకు 11, మొత్తం 55 శత్రువులు. ప్రోగ్రామ్ ఫ్రేముకు ఒక్క శత్రువునే జరుపుతుంది. 55 ఉన్నప్పుడు దండు ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది, ఒక్కటే మిగిలితే అది ప్రతి ఫ్రేమూ పరుగే. కష్టం దానంతట అదే పెరగడం అనే రివాజు ఇక్కడ గట్టిపడింది. నకలులో వేగాన్ని స్థిరంగా పెట్టి చూడు, చివరి శత్రువును కొట్టడం ఇల్లు ఊడ్చినట్టే ఉంటుంది.

పాక్‌మ్యాన్‌కు మాత్రం వారం కేటాయించు. 1980లో నామ్కో కంపెనీలో తోరు ఇవతాని రూపకల్పన, దయ్యాలకు చిక్కకుండా దారుల్లోని చుక్కలన్నీ తినాలి. శత్రువుల ప్రవర్తన ఎలా రాయాలో దీన్ని మించి నేర్పే గేము ఇప్పటికీ తక్కువే. నాలుగు దయ్యాలూ నిన్ను తరుముతున్నట్టే ఉంటాయి, కానీ ఒక్కోదాని గురి ఒక్కోచోట. ఎర్రది బ్లింకీ, నువ్వున్న గడికే వస్తుంది. గులాబీది పింకీ, నువ్వు చూస్తున్న దిక్కులో నాలుగు గళ్ల ముందుకు. నువ్వు పైకి చూస్తుంటే మాత్రం కోడ్‌లోని పొరపాటు వల్ల నాలుగు గళ్లు పైకి, నాలుగు గళ్లు ఎడమకు గురిపెడుతుంది. నీలంది ఇంకీ: నీకు రెండు గళ్ల ముందున్న గడి తీసుకుని, బ్లింకీ నుంచి అక్కడికి గీత గీసి, ఆ గీతను రెట్టింపు చేస్తే వచ్చే చోటు దాని గురి. నారింజది క్లైడ్, ఎనిమిది గళ్లకు మించిన దూరంలో ఉంటే నీ మీదికి వస్తుంది, దగ్గరైతే కింద ఎడమ మూలకు జారుకుంటుంది.

దీన్ని రాసేటప్పుడు దారి వెతికే పెద్ద అల్గారిథమ్ పెట్టకు, అసలు గేములో అది లేదు. దయ్యం ముందు గడి దగ్గర ఏయే దిక్కులు తెరిచి ఉన్నాయో చూస్తుంది, వాటిలో గురికి సూటిదూరం తక్కువైన దిక్కు ఎంచుకుంటుంది. వెనక్కి తిరగడం నిషేధం. అంతే. ఆ నిషేధం మర్చిపోయావంటే దయ్యం రెండు గళ్ల మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉండిపోతుంది. నకలు పాడైందనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే. తర్వాత గడియారం: మొదటి లెవెల్లో 7 సెకన్లు దయ్యాలు తమ మూలలకు పోతాయి, 20 సెకన్లు తరుముతాయి, మళ్లీ 7, 20, ఆపైన 5, 20, 5, ఇక ఆగకుండా తరుమే. పద్ధతి మారిన క్షణాన మాత్రం అన్నీ ఒక్కసారి వెనక్కి తిరుగుతాయి, ఆడేవాడికి అది కంటికి అందే సంకేతం.

ఇప్పుడు నాలుగింటికీ బ్లింకీ గురే ఇచ్చి ఆడు. కాసేపటికి అన్నీ నీ వెనక ఒకే బారులో పడతాయి. నాలుగు దయ్యాలున్నా ఒక్క పొడుగాటి దయ్యంతో సమానం, ముందు నుంచి అడ్డుకొట్టేవాళ్లెవరూ ఉండరు. ఆ తర్వాత గురులు యథాతథంగా పెట్టి గడియారం ఒక్కటి తీసెయ్యి. ఈసారి ఊపిరాడదు, చుక్కలు తినే తీరిక ఉండదు. రెండింటినీ పక్కపక్కన ఆడితే గానీ ఆ 7 సెకన్ల విలువ తెలియదు.

టెట్రిస్ అందరికీ తెలిసిందే. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ ఎలక్త్రోనికా 60 అనే కంప్యూటర్ మీద మొదలుపెట్టాడు. దానికి గ్రాఫిక్స్ లేవు కాబట్టి ముక్కలను బ్రాకెట్ గుర్తులతోనే గీశాడు. ఏడు ముక్కలు, నకలుకు 10 వెడల్పు, 20 ఎత్తు తీసుకో. ఇక్కడ నకళ్లు చెడేది రూళ్లలో కాదు, చేతికి తగిలే తీరులో. 1989 నాటి ఎన్‌ఈఎస్ (నింటెండో పాత గేము మిషన్) వెర్షన్‌లో బటన్ నొక్కిపట్టుకుంటే మొదటి కదలిక తర్వాత 16 ఫ్రేములు ఆగి, ఆపైన 6 ఫ్రేములకొక గడి జరుగుతుంది. ఆ రెండు అంకెలూ మార్చి మార్చి ఆడు. ముక్కలను పూర్తిగా యాదృచ్ఛికంగా ఇస్తే నిలువు కడ్డీ కోసం ఎదురుచూసీ చూసీ గోడ పైకి తేలిపోతుంది. తర్వాతి కాలపు పద్ధతి, ఏడు ముక్కలూ సంచిలో వేసి కలిపి ఒక్కోటీ తీయడం, సంచి ఖాళీ అయ్యాక మళ్లీ వేయడం. అప్పుడు రెండు కడ్డీల మధ్య 12 ముక్కలకు మించి రావు. అదృష్టాన్ని ఎంత మేరకు తగ్గించాలి అన్న ప్రశ్న ఏ గేములోనైనా వస్తుంది, దాన్ని ఇక్కడే తేల్చుకోవడం సులువు.

సూపర్ మారియో బ్రదర్స్, 1985, నింటెండో. మొత్తం గేము 40 కిలోబైట్లు. మేఘం, పొద ఒకే బొమ్మ, రంగు మార్చారంతే. మొదటి లెవెల్ మొదటి స్క్రీన్ దగ్గరే ఒక గంట కూర్చో. మారియో ఎడమ వైపు నిలబడి ఉంటాడు, కుడివైపంతా ఖాళీ. ఎటు పోవాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. గూంబా అనే శత్రువు ఎదురొస్తుంది, తగిలితే చస్తావు, ఎగరడం నేర్చుకుంటావు. తర్వాత తల మీద ఇటుకలు, ప్రశ్న గుర్తు డబ్బాలు. డబ్బాలోంచి పుట్టగొడుగు కుడికి జారి, కిందపడి, పైపుకు కొట్టుకుని నీ వైపే తిరిగొస్తుంది. గూంబాను చూసి బెదిరినవాడు దీన్ని చూసీ ఎగరబోతాడు. పైన ఇటుకలున్నాయి, తల తగిలి మళ్లీ దాని మీదే పడతాడు. పెద్దవాడవుతాడు. తప్పించుకోవాలనుకున్నా బహుమతి తప్పించుకోలేని ఏర్పాటు అది! లెవెల్ చివర మెట్లు చూడు: మొదటి జతలో మెట్ల మధ్య నేల ఉంటుంది, రెండో జతలో గొయ్యి. పడినా పర్లేని చోట దూకించి, తర్వాతే పడితే పోయే చోట దూకిస్తారు. నీ నకలులో ఆ రెండు జతలనూ తారుమారు చేసి, గేములు పెద్దగా ఆడనివాళ్ల చేతికిచ్చి, నోరు మెదపకుండా చూస్తూ ఉండు.

జంప్ విషయంలో ఒక కిటుకు. బటన్ పట్టుకున్నంతసేపు, పైకి పోతున్నప్పుడు మాత్రమే గురుత్వం తక్కువగా ఉంటుంది, వదలగానే పెరుగుతుంది. చిన్న జంప్, పెద్ద జంప్ అలా వస్తాయి. మామూలు గురుత్వంలో మూడో వంతుతో మొదలుపెట్టి సవరించుకో. అంచు దాటిన ఐదారు ఫ్రేముల దాకా జంప్‌ను ఒప్పుకోవడం తర్వాతి కాలపు అలవాటు, 2018 నాటి సెలెస్ట్ అనే గేము దాన్ని చక్కగా వాడింది. మారియోలో అది లేదు, అందుకే ఒక్కోసారి "నొక్కాను కదా" అని అరుస్తాం.

రోగ్, 1980, నేలమాళిగలో గది గదీ తిరిగే గేము. తెరంతా అక్షరాలే, చస్తే మొదటికే. సేవ్ చేసిన ఫైలు తిరిగి తెరవగానే చెరిగిపోతుంది. స్క్రీన్‌ను మూడు అడ్డం మూడు నిలువు గళ్లు చేసి, గడికొక గది వేసి కలుపుకుంటూ పోతే ఆ నేలమాళిగ వచ్చేస్తుంది, రెండు రోజుల పని.

డూమ్, ఆడేవాడి కళ్లతోనే చూస్తూ కాల్చే గేము, 1993 డిసెంబరులో వచ్చింది. మొదటి ఎపిసోడ్ ఉచితంగా పంచుకునే షేర్‌వేర్. మూల కోడ్‌ను 1997లో బయటపెట్టారు కాబట్టి నకలు రాయనక్కర్లేదు, చదివితే చాలు. లెవెళ్లు గేము నుంచి విడిగా వాడ్ అనే ఫైళ్లలో ఉండటం వల్లే జనం సొంత లెవెళ్లు కట్టుకున్నారు, మాడ్‌ల (ఆడేవాళ్లే గేమును మార్చుకునే) సంస్కృతికి అది పెద్ద ఊపు. పైకీ కిందికీ చూసే మౌస్, జంప్ చేర్చిన కొత్త పోర్ట్‌లలో (కొత్త కంప్యూటర్లకు మార్చిన వెర్షన్లలో) కాకుండా చాక్లెట్ డూమ్ లాంటి పాతకాలపు తీరు ఉన్నదానిలో ఆడు. జంప్ ఉంటే లెవెళ్ల లెక్కే మారిపోతుంది. ఇంప్ అనే రాక్షస జీవి విసిరే నిప్పు బంతి నెమ్మదిగా రావడం, ఒకదాని దెబ్బ ఇంకో జాతిదానికి తగిలితే రెండూ కొట్టుకోవడం, ఈ రెండూ రాసుకో. ఆధునిక షూటర్లు చాలావరకు మొదటిదాన్ని వదిలేసి కాల్చగానే తగిలే తూటాలు పెట్టుకున్నాయి, ఆట అక్కడే గోడ చాటు వ్యవహారం అయిపోయింది.

త్రీడీ కెమెరా కోసం 1996 నాటి సూపర్ మారియో 64, శత్రువు మీద చూపు నిలిపే పద్ధతి కోసం 1998 నాటి జెల్డా ఒకారినా ఆఫ్ టైమ్ చూడు. నకలు జోలికి ఇప్పుడే పోకు. మైన్‌క్రాఫ్ట్ నీకు ఎలాగూ తెలుసు, కొత్త లోకంలో మొదటి రాత్రి ఒక్కటి మళ్లీ ఆడు. పగలూ రాత్రీ కలిపి 20 నిమిషాలు. ఏం చేయాలో గేము చెప్పకపోయినా చీకటి పడటమే పని చెబుతుంది.

పాంగ్ నకలు అయ్యాక రెండు ఫైళ్లుగా పంపు, ఎనిమిది ముక్కల బ్యాటుతో ఒకటి, మామూలు బ్యాటుతో ఒకటి. ఏది ఏదో ఫైలు పేరులో రాయకు.

మీ బాబాయి