ఒక్కరి స్థిరమైన క్రైస్తవ విశ్వాసం సమాజాన్ని ఎలా ప్రభావితం చేస్తుంది?

ఒక్క వ్యక్తి విశ్వాసం చుట్టూ ఉన్నవారిని మార్చగలదా అన్న ప్రశ్నకు, మార్చగలదనే నా సమాధానం. అయితే ఆ మార్పు ప్రసంగాల కన్నా, ఏళ్ల తరబడి చెక్కుచెదరని నడవడిని ఇరుగుపొరుగు కళ్లారా చూడడం వల్లనే ఎక్కువగా వస్తుంది.

విశాఖపట్నానికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకొని, క్రైస్తవం స్వీకరించిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూసినా ఆ శ్రమ వృథా కాలేదు. మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పుట్టిన సమాజానికి ఎదురు నిలిచిన ఆనందరాయర్ విశ్వాసమే నాకు ఇందులో అన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

విశాఖపట్నంలోని మత్స్యకారుల పేట అయిన పెద్ద జాలారిపేటలో నేనెరిగిన ఒక పెద్దావిడ, చేపలమ్మి బతికే మనిషి, ఎంత బేరమున్నా ఆదివారం గంప ఎత్తదు. వేటకు వెళ్లిన పడవ తిరిగి రావడం ఆలస్యమైన రాత్రి మాత్రం, అది ఏ దేవుణ్ణి కొలిచే ఇల్లయినా సరే, గడప దగ్గర కూర్చుని ఆ ఇల్లాలికి తెల్లవారేదాకా తోడుంటుంది. ఆమెను చూసి, గంగమ్మను కొలిచే ఇరుగు స్త్రీలు కూడా అలాంటి రాత్రుల్లో వంతులు వేసుకొని తోడు వెళ్లడం మొదలుపెట్టారు. వారెవరూ మతం మారలేదు, ఆమె అడగనూ లేదు. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసు తన శిష్యులను ఉప్పుతో ఎందుకు పోల్చాడో, రోజూ చేపలకు ఉప్పు పట్టించే ఆ చేతులను చూశాకే నాకు తెలిసింది.