దుబాయ్ వెళ్తున్నాం, ఏడాది మందులు ఇక్కడే కొనేయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా వారికి 63 ఏళ్లు. సుగర్, బీపీ, అరికాళ్ల మంటలు. నెలకు మందులకే రూ.3,200 అవుతోంది. వచ్చే నెల దుబాయ్‌లో అబ్బాయి దగ్గరికి వెళ్లిపోతున్నాం. ఏడాదికి సరిపడా మందులు ఇక్కడే కొనుక్కుని, ఆరేళ్లుగా కడుతున్న హెల్త్ పాలసీ (ప్రీమియం రూ.34,000) ఆపేద్దామనుకుంటున్నాం. మంచిదేనా?

జవాబు: అమ్మా, రెండూ వద్దు.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది డబ్బు కాదు, అరికాళ్ల మంటల మాట. దీనికి మన డాక్టర్లు తరచూ ప్రెగాబాలిన్ రాస్తారు. మిథైల్‌కోబాలమిన్ అనే బి12 విటమిన్‌తో కలిపి ఒకే మాత్రగా వస్తుంది కాబట్టి చాలామంది విటమిన్ బిళ్ల అనుకుంటారు. దుబాయ్ ఉన్న యూఏఈలో అది కంట్రోల్డ్ మందు, అంటే అనుమతి లేకుండా తీసుకెళ్లకూడనిది. ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు సిరప్ కూడా అంతే. అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి ఆన్‌లైన్‌లో ముందే తీసుకోకపోతే ఎయిర్‌పోర్టులోనే ఇబ్బందుల్లో పడతారు. ఇవాళే స్ట్రిప్పు తిప్పి, బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. ప్రెగాబాలిన్ ఉంటే మీ అంతట మీరు మానేయకండి, హఠాత్తుగా ఆపకూడని మందు అది. ఈ వారమే డాక్టరును కలవండి.

మిగతా మందులు మూడు నెలలకు చాలు, అంటే రూ.9,600. ఏడాది మూట చూస్తే అమ్మకానికి తెచ్చారని అనుమానిస్తారు. పైగా మధ్యలో డాక్టరు డోసు మారిస్తే ఆ డబ్బంతా వృథా. షాపులో స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే తీసుకోవద్దు, పేరూ ఎక్స్‌పైరీ తేదీ ఆ కత్తిరించిన ముక్కతోనే పోతాయి. చీటీ మీద బ్రాండు కాకుండా మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్ వంటి అసలు పేర్లు టైపు చేయించండి. అక్కడి డాక్టరుకు మన బ్రాండ్లు తెలియవు. మీ వారి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఊళ్లో పిలిచే పేరు కాదు. వీటిని చేతి బ్యాగులోనే పెట్టుకోండి.

ఇక పాలసీ. తల్లిదండ్రుల వీసాను అక్కడ ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. ఎప్పుడైనా తిరిగి రావాల్సి రావచ్చు, వచ్చాక మళ్లీ విశాఖ ఆసుపత్రులే దిక్కు. ఐదేళ్లు దాటిన పాలసీలో, మోసం చేశారని రుజువైతే తప్ప, ఏదో జబ్బు దాచారంటూ క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు. మీరు ఆరేళ్లు కట్టి ఆ రక్షణ సంపాదించుకున్నారు. ఇప్పుడు ఆపి మళ్లీ కొత్తది తీసుకుంటే, సుగర్, బీపీలకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు. ఆ వయసులో అసలు పాలసీ ఇస్తారన్న నమ్మకమూ లేదు.

మిగతా తొమ్మిది నెలల మందులు ఇప్పుడే కొననందుకు చేతిలో మిగిలే రూ.28,800కు ఇంకో రూ.5,200 కలిపితే ఏడాది ప్రీమియం సరిపోతుంది. దాన్ని విడిగా ఎఫ్‌డీ చేయండి. అక్కడ వీసాకు ఎలాగూ ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాత జబ్బులకు ఎప్పటినుంచి వర్తిస్తుందో అబ్బాయిని ముందే కనుక్కోమనండి.

స్థిరపడటానికే వెళ్తున్నారు కాబట్టి మీ సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండే భారతీయుల ఖాతాగా మార్చాలి. అప్పుడు ప్రీమియం ఆటో డెబిట్ ఆగిపోయిందేమో బ్యాంకులో అడిగి చూసుకోండి. ప్రీమియం గడువు దాటాక కట్టడానికి మీకుండేది 30 రోజులే.