కూల్చివేతకు మహోత్సవం ఉంటుందా?

సందేహం: మా కాలనీ మధ్యలో 40 ఏళ్ళ నాటి నీళ్ళ ట్యాంకు ఉంది. చిరునామా ఎవరికి చెప్పాలన్నా ‘ట్యాంకు దగ్గర’ అంటాం. పెచ్చులూడి ప్రమాదకరంగా మారిందని దాన్నిప్పుడు తీసేసి, ఆ స్థలంలో పార్కూ గ్రంథాలయమూ కట్టబోతున్నారు. ఆ రోజు కాలనీవాళ్ళందరినీ పిలవాలని మా సంఘం నిర్ణయించింది. ఆహ్వాన పత్రిక రాసే పని నా నెత్తిన పడింది. నేను ఇలా రాశాను: ‘శిధిలావస్థకు చేరిన వాటర్ ట్యాంక్ కూల్చివేత మహోత్సవం మన కాలనీ పునరుజ్జీవనానికి ప్రతీకగా నిలుస్తుంది. ఇది నూతన అధ్యాయానికి నాంది.’ అడుగున ‘విచ్చేయవలసినదిగా కోరడమైనది’ అని పెట్టాను. ‘కూల్చివేత మహోత్సవం’ అపశకునంగా ఉందని కొందరు అంటున్నారు. ‘జీర్ణోద్ధారణ’ అనాలని ఒక పెద్దాయన పట్టుబడుతున్నారు. ఏది సరైనది? ‘ల్యాండ్‌మార్క్’కు మంచి తెలుగు మాట ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ముందు తేలికైనది చెప్పేస్తాను. ల్యాండ్‌మార్క్‌కు తెలుగులో చక్కని మాట ఉంది: కొండగుర్తు. దారి చెప్పేవాడు ఎప్పుడూ కదలనిదాన్నీ, దూరానికి కనబడేదాన్నీ చూపిస్తాడు కదా, దాంట్లోంచి పుట్టిన మాట. బళ్ళో పంతుళ్ళు దాన్ని పాఠం గుర్తుపెట్టుకునే చిట్కాకు వాడి వాడి, ఇప్పటి పిల్లలకు ఆ అర్థమే మిగిలింది. మీ పత్రికలో వాడితే పెద్దవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది, పిల్లలు అడిగి తెలుసుకుంటారు. వాడండి. పత్రికల వాళ్ళు దేనికైనా తగిలించే ‘మైలురాయి’ మాత్రం వద్దు. అది దూరం చెప్పే రాయి, చోటు చెప్పే గుర్తు కాదు.

కొండగుర్తు పోయినా దాని పేరు అంత తొందరగా పోదు. హైదరాబాదు పాతనగరం చుట్టూ ఉన్న ప్రాకారానికి 13 దర్వాజాలుండేవి. ఇప్పుడు పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మిగిలాయి. లాల్ దర్వాజా ఎప్పుడో పోయింది. అయినా ఏటా ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాలంటే తెలియనివాళ్ళు లేరు. కాబట్టి ట్యాంకు పోతే చిరునామా ఏం చెప్పాలా అని మీ సంఘం బెంగపడనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ‘కూల్చివేత మహోత్సవం’లో వ్యాకరణదోషం ఉందా? తెలుగు మాటకూ సంస్కృత పదానికీ ముడివేశారు కాబట్టి వైరి సమాసమని ఎవరైనా అనవచ్చు. బతుకమ్మ ఉత్సవాలు చేసుకుంటున్న జాతికి ఆ అభ్యంతరం చెల్లదు. తప్పు సమాసంలో లేదు. ఆ రెండు మాటల స్వభావాల్లో ఉంది.

‘కూల్చివేత’ను విడదీసి చూడండి. కూలు అంటే తనంతట తాను పడిపోవడం, కూల్చు అంటే ఒకరు పడెయ్యడం. దానికి ‘వేయు’ చేరింది. తినేశాడు, పారేశాడు అన్నప్పుడు పని పూర్తిగా తెగిపోయిందనీ, ఇక వెనక్కి రాదనీ చెప్పేది ఈ ‘వేయు’యే. అందుకే ‘వేత’తో ముగిసే మాటలు ఎలా ఉంటాయో ఒకసారి నోటితో అనుకోండి: అణచివేత, మూసివేత, నిలిపివేత, నరికివేత, ఎగవేత, వెలివేత. జెండా ఎగురవేత, సరుకుల చేరవేత లాంటి ఒకటి రెంటిని పక్కన పెడితే ఇది శుభలేఖల్లోకి ఎక్కే కుటుంబం కాదు. పైగా ఈ మాట కొన్నేళ్ళుగా దినపత్రికల్లో బుల్‌డోజరు పక్కనే నిలబడుతోంది. 2024లో హైదరాబాదులో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా పని మొదలుపెట్టినప్పటి నుంచి ‘కూల్చివేత’ అనగానే నోటీసూ పోలీసులూ గోడవారన ఏడ్చే మనుషులూ కళ్ళముందుకొస్తున్నారు. ఆ మాటను తెచ్చి పసుపు అద్దిన కార్డు మీద అచ్చేస్తే చదివేవాడు ఉలిక్కిపడతాడు. అపశకునమన్నవాళ్ళు శకునాల మీద నమ్మకంతోనే అని ఉండవచ్చు, కాని వాళ్ళ చెవి సరిగ్గానే పనిచేసింది.

తెలుగువాడి నోరు ఈ విషయంలో మొదటినుంచీ జాగ్రత్తగానే ఉంది. దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. మంగళసూత్రం తెగిందనరు, పెరిగిందంటారు. గడప దాటేవాడు వెళ్తాననడు, వెళ్ళొస్తానంటాడు. పోయేదాన్ని పోయిందని మొహమాటం లేకుండా చెప్పడం మన ఇళ్ళల్లో లేదు. ఇళ్ళ విషయంలోనూ అంతే. పెంకుటిల్లు తీసేటప్పుడు పెంకులు దించుతారు, కప్పు విప్పుతారు, దూలాలూ వాసాలూ ఒక్కొక్కటే ఊడదీసి పక్కన పేరుస్తారు, తలుపులూ ద్వారబంధాలూ జాగ్రత్తగా దాస్తారు. చివరికి మిగిలిన మట్టిగోడల దగ్గరికి వచ్చినప్పుడు గాని ‘పడగొట్టడం’ అనే మాట రాదు. ఇంత వరస ఉన్న పనికి ఇప్పుడు ‘కూల్చివేత’ అనే ఒక్క మాట మిగలడం యంత్రం వల్ల వచ్చిన మార్పు. జేసీబీకి విప్పడం తెలియదు.

మరి కూల్చడాన్ని పండగ చేసుకోకూడదా అంటే, చేసుకున్నవాళ్ళున్నారు. పారిస్ జనం 1789 జులై 14న బాస్టీల్ కోటను ముట్టడించారు. అప్పటికి అందులో ఉన్న ఖైదీలు ఏడుగురే. అయినా అది రాజు ఇష్టం వచ్చినవాణ్ణి విచారణ లేకుండా పడేసే చెర కాబట్టి, ఆ కట్టడం ఉండటమే జనానికి కంటగింపు. పియర్ ఫ్రాంస్వా పాల్వా అనే మేస్త్రీ కాంట్రాక్టరు వెంటనే మనుషుల్ని పెట్టి దాన్ని రాయి రాయిగా విప్పించాడు. ఈయన గట్టివాడు. కోట రాళ్ళతోనే కోట నమూనాలు చెక్కించి, అప్పుడే కొత్తగా ఏర్పడ్డ 83 జిల్లాలకూ పంపాడు. మిగిలిన రాళ్ళలో కొన్ని సేన్ నది మీద 1791లో పూర్తయిన కాంకార్డ్ వంతెనలోకి వెళ్ళాయి. జనం రోజూ వాటిని తొక్కుతూ నడవాలన్నది ఉద్దేశం. ముట్టడికి ఏడాది నిండిన రోజున కోట ఉన్నచోట ‘ఇక్కడ నాట్యం చేస్తారు’ అని బోర్డు పెట్టి నిజంగానే నాట్యాలు ఆడారు. ఒక కొండగుర్తును పడగొట్టి దాన్నే కొత్త జీవితానికి గుర్తుగా నిలుపుకోవడం అంటే ఇదీ.

మన పాఠ్యపుస్తకాలు ఈ సంఘటనను ‘బాస్టీల్ పతనం’ అంటాయి. నాకెప్పుడూ నచ్చలేదు. మనకు పతనం అంటే నైతికంగా దిగజారడం కూడా. పైగా అది దానంతటదే పడినట్టుంటుంది, పడగొట్టినవాడు వాక్యంలో కనబడడు. బెర్లిన్ గోడకూ ఇదే గతి పట్టింది. 1989 నవంబరు 9న ఆ గోడ కూలలేదు. ద్వారాలు తెరుచుకున్నాయి, జనం సుత్తులు తెచ్చుకుని పెచ్చులు కొట్టుకుపోయారు, అధికారికంగా పడగొట్టడం మరుసటి ఏడు జూన్‌లో గాని మొదలుకాలేదు. ‘గోడ కూలింది’ అన్న రెండు మాటల్లో ఈ కథంతా మాయమైపోయింది.

మన దగ్గరా చెడ్డదాన్ని తుడిచిపెట్టే పండగలు లేకపోలేదు. నరకాసుర వధ, రావణ దహనం, కామ దహనం. కూల్చినదానికి ఉత్సవం చేస్తే ఆ కూలినది రాక్షసుల జాబితాలో చేరుతుంది. బాస్టీల్ ఆ జాబితాలో చేరడానికి తగినదే. మీ ట్యాంకు ఏం పాపం చేసింది? నలభై ఏళ్ళు మీ బిందెలు నింపింది. ‘కూల్చివేత మహోత్సవం’ అన్నప్పుడు మీ పెద్దలకు గుచ్చుకున్నది ఇదేనని నా ఊహ.

హైదరాబాదు సచివాలయం సంగతి చూడండి. కొత్త భవనానికి 2019 జూన్‌లో శంకుస్థాపన జరిగింది, అప్పటికి పాత భవనాలు నిలబడే ఉన్నాయి. వాటి కూల్చివేత 2020 జులైలో మొదలైంది. కొత్తది అంబేడ్కర్ పేరుతో 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. ఆ మొదటి దానికి పూజ ఉంది, చివరిదానికి ఉత్సవం ఉంది, నడుమ జరిగిన పనికి వార్త తప్ప వేడుక లేదు. ఆ భవనాల మంచిచెడ్డలు ఇక్కడ అనవసరం, మాటల వరస చూడమంటున్నాను. కట్టడానికి శంకుస్థాపన, గృహప్రవేశం, ప్రారంభోత్సవం అని మనకు ఎన్ని శుభవాచకాలున్నాయో, తీసెయ్యడానికి ఒక్కటీ లేదు.

లేదని అనేశాను గాని, ఉంది. ఉద్వాసన. పూజ మొదట్లో ఆవాహన చేసిన దేవతను చివర మర్యాదగా సాగనంపడం ఉద్వాసన. వినాయకుడి మట్టిబొమ్మకు ఉద్వాసన చెప్పాకే నిమజ్జనం. అందులో ఉన్నదాన్ని పంపించాక మిగిలింది మట్టే కాబట్టి నీళ్ళలో కలపడం తప్పు కాదు. ఇంత అందమైన మాటను మన విలేకరులు ‘మంత్రికి ఉద్వాసన’ అని రాసి రాసి ఉద్యోగం ఊడటానికి పర్యాయపదం చేశారు. ఇప్పుడు మీరు ‘ట్యాంకుకు ఉద్వాసన’ అని రాస్తే సగంమంది నవ్వుతారు. కాబట్టి ఆ మాటను సిఫారసు చెయ్యలేను. మాట పోయినా అందులోని పద్ధతి మీకు పనికొస్తుంది.

పెద్దాయన చెప్పిన మాటలో కూడా ఆ పద్ధతే ఉంది. ముందు దాని రూపం సరిచేద్దాం. ఉద్ధరణ అనవచ్చు, ఉద్ధారం అనవచ్చు. రెంటినీ కలిపినట్టుండే ‘ఉద్ధారణ’ కన్నా ఈ రెండే మేలు. జీర్ణోద్ధరణ, లేదా జీర్ణోద్ధారం. పాతబడి అరిగిపోయినదాన్ని మళ్ళీ పైకెత్తడమని అర్థం. గుడుల విషయంలో దీనికి ఒక క్రమం ఉంది. పని మొదలుపెట్టే ముందు మూలమూర్తిలోని కళను కలశంలోకి ఆకర్షించి, పక్కన తాత్కాలికంగా కట్టిన చిన్న గుడి, అంటే బాలాలయంలోకి చేరుస్తారు. నిత్యపూజలు అక్కడ ఆగకుండా సాగుతాయి. యాదాద్రిలో 2016 నుంచి 2022 మార్చి 28న ప్రధానాలయం తిరిగి తెరిచేదాకా భక్తులు దర్శించుకున్నది బాలాలయంలోనే. కట్టడం మారుతుంది, లోపలిది మారదు. అందుకే అది ఉద్ధరణ. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలినప్పుడు దాని స్థానంలో మళ్ళీ గోపురమే లేచింది, 2017లో కుంభాభిషేకం జరిగింది. అదీ ఉద్ధరణే. మీరు ట్యాంకు తీసి ట్యాంకు కట్టడం లేదు, గ్రంథాలయం కడుతున్నారు. కాబట్టి పెద్దాయనకు నమస్కారం చెప్పి ఆ మాట పక్కన పెట్టండి.

మీ వాక్యంలో మిగిలిన ముళ్ళు కూడా తీసేద్దాం. శిధిలం కాదు, శిథిలం. ‘పునరుజ్జీవనం’ అంటే చచ్చి బతకడం లాంటిది. మీ కాలనీవాళ్ళు ఇన్నాళ్ళూ బతికే ఉన్నారని నమ్ముతున్నాను. ‘నూతన అధ్యాయానికి నాంది’ రెండు వేర్వేరు ఇళ్ళ సామాను: అధ్యాయం గ్రంథానిది, నాంది నాటకానిది. ఇక ‘కూల్చివేత ప్రతీకగా నిలుస్తుంది’. కూలిన ట్యాంకు నిలవడం ఎలాగండీ? ప్రతీక కనబడగానే చేతికి ‘నిలుస్తుంది’ దానంతటదే వచ్చేసేంత అలవాటైపోయింది మనకు.

పైగా పడగొట్టడం ఒక్కటే కొత్తదనానికి ప్రతీక కాలేదు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్–ఐగో అని పేదల కోసం కట్టిన 33 భవనాల సముదాయం ఉండేది, ఒక్కొక్కటీ 11 అంతస్తులు. 1972లో పేలుడు పదార్థాలతో కూల్చడం మొదలుపెట్టారు. ఆ దృశ్యం టీవీల్లో వచ్చింది, ఒక కాలం ముగిసిందని భవన నిర్మాణ కళా విమర్శకులు రాశారు. ఆ నేలలో ఎక్కువ భాగం దశాబ్దాలపాటు చెట్లు మొలిచి బీడుగానే ఉండిపోయింది. దాన్ని ప్రతీక అంటే వైఫల్యానికే ప్రతీక. మీకు ప్రతీక కావాలంటే రాబోయే గ్రంథాలయాన్ని చెయ్యండి. అది నిలబడుతుంది కాబట్టి ‘నిలుస్తుంది’ అన్న క్రియ కూడా దానికే చెల్లుతుంది.

ఇంతా చెప్పి నేను రాసేది మీరు రాసినదానికన్నా చప్పగానే ఉంటుంది. ఆహ్వాన పత్రికలకు చప్పదనం మంచిదే:

‘40 ఏళ్ళుగా మనకు నీళ్ళిచ్చి, మన కాలనీకి కొండగుర్తుగా నిలిచిన ట్యాంకును వచ్చే ఆదివారం తీసేస్తున్నారు. ఆ ఉదయం దాని దగ్గర ఒకసారి కలుద్దాం. అక్కడే పార్కుకూ గ్రంథాలయానికీ శంకుస్థాపన. ఇంటిల్లిపాదీ రండి.’

‘తీసేస్తున్నారు’ మరీ మామూలుగా ఉందని సంఘంలో ఎవరైనా అంటే ‘దించుతున్నారు’ అని మార్చుకోండి. అడుగున మీరు రాసిన ‘విచ్చేయవలసినదిగా కోరడమైనది’ తీసెయ్యండి, కోరేది ఎవరో అందులో లేదు. ‘కోరుతున్నాం’ అని రాసి సంఘం పేరు పెట్టండి. పడే ట్యాంకు దగ్గరికి ఇంటిల్లిపాదినీ పిలవవచ్చా అన్న సందేహం మాత్రం నాకు కాదు, ఇంజనీరుగారికి పంపండి.