సముద్రం చూడని పిల్లలకి ఎస్చువరీ పాఠం

"కడప, అనంతపురం వైపు పిల్లలు చాలామంది సముద్రమే చూసి ఉండరు. వాళ్ళకి తీరాల రకాలు, ఎస్చువరీల (నది సముద్రంలో కలిసే చోట మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు కలిసే నదీముఖాల) రకాలు బట్టీ పట్టించడం తప్ప దారి లేదా?" అని ఒకరు అడిగారు. ఉంది. జమ్మలమడుగు వైపు ఒక హైస్కూల్లో చాలా ఏళ్ళుగా సైన్సు చెప్తున్నాను. ఈ పాఠానికి మన పెన్నే చాలు.

ముందు పేర్లు చెప్పకండి. నదినీళ్ళు, పోటునీళ్ళు ఎదురుపడితే ఏమవుతుందో చూపించండి. ఒకసారి పాత చేపల తొట్టిని ఇటుక మీద వాలుగా పెట్టి, పొర్లేదాకా నీళ్ళు నింపాం. వాలు కొసన ఒకరు నీలిమందు కలిపిన ఉప్పునీళ్ళు మెల్లగా పోస్తున్నారు, ఎత్తు కొసన ఒకమ్మాయి చెంబుతో మంచినీళ్ళు పోస్తోంది. నీలిరంగు నీళ్ళు కలవకుండా అడుగునే పరుచుకున్నాయి. చెయ్యి ఆడించి పోటు పుట్టిస్తే మొత్తం కలిసిపోయాయి. ఎస్చువరీల్లో ఉప్పు చీలిక రకం (మంచినీళ్ళ అడుగున ఉప్పునీళ్ళు చీలికలా దూరేది), బాగా కలిసిన రకం అని పుస్తకంలో ఉన్న రెండూ పిల్లలకి పావుగంటలో కళ్ళ ముందే కనబడ్డాయి.

అప్పుడు చెంబు పట్టుకున్న అమ్మాయి అడిగింది: "సార్, మన పెన్నలో శానా నెలలు నీళ్ళే ఉండవు కదా. అప్పుడు ఉప్పునీళ్ళు యాడిదాకా వస్తాయి?"

"నువ్వు పోసేది తగ్గించి చూడమ్మా" అన్నాను. తగ్గించింది. నీలిరంగు అడుగునుంచి ఆ పిల్ల చేతి దాకా పాకింది. క్లాసంతా లేచి నిలబడింది. 2023లో అమెరికాలో వానల్లేక మిసిసిపీ నది తగ్గినప్పుడు సముద్రపు ఉప్పు ఇలాగే నది అడుగున న్యూ ఆర్లియన్స్ వైపు ఎగబాకింది. దాన్ని ఆపడానికి నది అడుగున కట్ట వేశారు. ఈ సంగతి చెప్తే ఇంక ఎవరికీ బట్టీ అవసరం పడలేదు.

పరీక్ష పేపర్ల మీద నాకు కోపం ఇక్కడే. "తూర్పు నదులకి డెల్టాలు, పడమటి నదులకి ఎస్చువరీలు" అని ఒక్క ముక్క రాస్తే మార్కులు వేసేస్తారు. మిసిసిపీకి పెద్ద డెల్టా ఉంది, ఉప్పు చీలికా ఉంది. నర్మద, తపతి కలిసే ఖంభాత్ సింధుశాఖలో పోటు చాలా ఎత్తున లేస్తుంది. నది తెచ్చిన ఒండ్రుని అది నిలవనివ్వదు. ఈ కారణం అడగరు, పేరే అడుగుతారు. తీరాలదీ అదే కథ. మన రాష్ట్రంలోనే విశాఖలో సముద్రంలోకి చొచ్చుకొచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ, గోదావరి దగ్గర చదునైన ఒండ్రునేల, పులికాట్ దగ్గర ఇసుక దిబ్బల వెనక ఉప్పు సరస్సు ఉన్నాయి. మొత్తానికి 'తూర్పు తీరం' అని ఒకే చీటీ అతికిస్తే పిల్లలకి ఏం తెలుస్తుంది?

ఒకే నదీముఖం కూడా ఏడాదంతా ఒకే రకంగా ఉండదు. 2021 నవంబరులో పెన్న, దాని ఉపనది చెయ్యేరు ఎలా పొంగాయో మనకి తెలుసు. అంత వరద వస్తే నది మొగ దగ్గర మంచినీళ్ళదే పైచేయి. ఎండాకాలం పోటుదే రాజ్యం. అసలు ప్రవాహమే లేకపోతే అలలు తెచ్చిన ఇసుక మేట వేసి మొగను మూసేయొచ్చు. పైన ఆనకట్టలు కట్టుకున్న మనం కింద నెల్లూరు జిల్లా రైతు బావిలోకి ఉప్పు ఎందుకు వస్తుందో పిల్లలకి చెప్పాలి. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. సిలబస్‌లో మాత్రం దీనికి చోటు లేదు.

చేసి చూపిస్తానంటే ఒక మాట. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మీరు దానికి రెట్టింపు వేయండి, పొర స్పష్టంగా కనబడుతుంది. గరిటె మీదుగా గోడ వెంబడి జారేలా పోయండి, ఎత్తునుంచి పోస్తే మొదట్లోనే కలిసిపోతుంది.