కూత ఆగిన ఇంట్లో

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర పల్లె. మా ఆయనకు కబడ్డీయే జీవనం. ఊళ్లో అందరూ రైడర్ అనే పిలుస్తారు, నేనూ అంతే. పోయినేడాది మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయింది. జట్టు మళ్లీ పిలవలేదు. షీల్డులన్నీ గోతంలో కట్టి అటకెక్కించాడు. సంక్రాంతి పోటీలప్పుడు తలుపేసుకుని పడుకున్నాడు. పొద్దున్నే బర్రెల్ని తోలుకుపోతాడు, అంతే. ‘ఆడలేనోణ్ణి, ఇంక నేనెవర్నే’ అంటాడు. మా మామ ‘పిల్లకాయలకు కోచింగ్ ఇచ్చుకోరా’ అని రోజూ గొడవ. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఆయనది బద్ధకమూ కాదు, పొగరూ కాదు. ఏ వయసులో మొదటిసారి కూతకెళ్లాడో గానీ, ఆనాటి నుంచి ఆయన పేరే పోయి రైడర్ మిగిలాడు. ఇప్పుడు కూతా పోయింది. ఆయన అడిగే ప్రశ్న నిజమైనదే.

ఓడినవాళ్లకే ఇలా అవుతుందనుకోకండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా, ఆ గెలుపు తర్వాతే మనసంతా ఖాళీ అయిపోయిందని చెప్పుకున్నారు. ఆటగాడు తనను ఆటతో ఎంత ముడేసుకున్నాడో కొలవడానికి 1993లో అమెరికా మనస్తత్వవేత్తలు 10 వాక్యాల పట్టిక ఒకటి ప్రచురించారు. ‘నా స్నేహితుల్లో ఎక్కువమంది క్రీడాకారులే’ అన్నది అందులో ఒకటి. మీ ఆయనకు ఇప్పుడు ఫోన్ చేసేదెవరో ఒకసారి గమనించండి.

కోచింగ్ మాట కొన్నాళ్లు ఆపించండి. మ్యాట్ అంచున నిలబడి ఇంకొకడి కూత వినడం ఇప్పుడాయనకు పుండు మీద కారమే. మీ మామగారిదీ ఒకరకం బాధే లెండి, టీ కొట్టు దగ్గర ఆయనా ఇన్నాళ్లూ ‘రైడర్ నాయన’ కదా. మళ్లీ ఆడగలడో లేదో మాత్రం ఆపరేషన్ చేసిన డాక్టరు చేత తేటగా చెప్పించండి. అరకొర ఆశ మనిషిని ఎటూ కదలనివ్వదు.

మీరు ‘అంతే’ అని తీసిపారేసిన బర్రెల పని ఉందే, నా కన్ను దాని మీదే పడింది. ఎవరూ చెప్పకుండా చేస్తున్నాడు. అక్కడ పాయింట్లు వేసేవాళ్లు లేరు. వారానికి రెండు రోజులు మీరూ వెంట వెళ్లండి. మాట్లాడితే వినండి, లేకుంటే ఊరికే నడిచి రండి. పేరు పెట్టి పిలవడం మీకు అలవాటు లేకపోతే ‘ఏవండీ’ అనండి, రైడర్ అని మాత్రం వద్దు.

నిద్ర పట్టకపోయినా, తాగుడు మొదలైనా, ‘చచ్చిపోతే బాగుణ్ణు’ అన్నా ఒక్కరోజు కూడా ఆగొద్దు. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. ఒంగోలులో మానసిక వైద్యుడికీ చూపించండి.

ఆ గోతం అటక మీదే ఉండనీండి. దించమని అడగొద్దు, పాత సామాన్లవాడికి వేయనివ్వొద్దు.