ఆడటం లేదు, విప్పి చూస్తున్నాడు: రాయగడ తల్లికి జవాబు

ప్రశ్న: మాది రాయగడ. మా వారు పేపరు మిల్లులో పని చేస్తారు. బాబు ఇక్కడే ఒడిశా బోర్డులో పదో తరగతి చదువుతున్నాడు. ఏడాదిగా పాత ప్లేస్టేషన్లు (టీవీకి తగిలించి గేములు ఆడే పెట్టెలు) తెచ్చి విప్పుతున్నాడు. డబ్బాలకు రంగులు వేస్తాడు, లోపల లైట్లు పెడతాడు, స్నేహితుల జాయ్‌స్టిక్‌లు బాగు చేసి ఇస్తాడు. గది నిండా స్క్రూలు, సోల్డరింగ్ పొగ. పరీక్షలయ్యాక విశాఖలో హాస్టల్లో ఉంచి ఇంటర్ చదివించాలని, ఈ సామానంతా పాత ఇనుము వాడికి వేసేయాలని వాళ్ల నాన్నగారు అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ సామాను అమ్మకండి. ముందు ఈ ఒక్క మాట చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను.

మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. బాబు గంటల తరబడి గేములు ఆడుతున్నాడని ఎక్కడా రాయలేదు. విప్పుతున్నాడు, బాగు చేస్తున్నాడు అని రాశారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

జాయ్‌స్టిక్ సంగతే తీసుకోండి. ఎవరూ ముట్టుకోకపోయినా తెర మీద బొమ్మ పక్కకు జరిగిపోతుంటే దాన్ని డ్రిఫ్ట్ అంటారు. పుల్ల కింద రెండు చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి. లోపల కార్బన్ పట్టీ మీద ఒక రేకు జారుతుంది. పుల్ల ఎంత వంగితే వోల్టేజీ అంత మారుతుంది. ఏళ్ల తరబడి రాసుకుని పట్టీ అరిగితే వోల్టేజీ తప్పు చూపిస్తుంది. ఇది వోల్టేజీ కొలిచే మల్టీమీటరుతో పట్టుకోవాలంటే కావలసింది పదో తరగతి సైన్సులో ఉన్న ఓమ్ నియమమే. ఈమధ్య చాలామంది ఆ భాగం తీసేసి, పుల్ల వంపును అయస్కాంతంతో కొలిచే హాల్ ఎఫెక్ట్ స్టిక్ వేస్తున్నారు. అందులో అయస్కాంతమూ సెన్సరూ ఒకదాన్నొకటి తాకవు కాబట్టి అలా అరగదు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం అది.

మీ బాబు భాగం మార్చేసి ఊరుకుంటున్నాడా, పాతది ఎందుకు పాడైందో కొలిచి చూస్తున్నాడా? నేను తెలుసుకోవాలనుకునేది ఇదే. ఒక ఆదివారం పక్కన కూర్చుని అడగండి: ‘ఎక్కడ పాడైంది నాన్నా? నీకెలా తెలిసింది?’ మీకు ఎలక్ట్రానిక్స్ రాకపోయినా ఫరవాలేదు. వాడు చెప్పే తీరులోనే తెలిసిపోతుంది. ఒక నోటుపుస్తకం కొనిచ్చి, విప్పిన ప్రతి పెట్టెకూ ఏం పాడైంది, ఏం కొలిచాను, ఏం మార్చాను అని రాయించండి. రంగులూ లైట్లూ సరదాకి బాగానే ఉంటాయి, కానీ ఆ రాతే వాడికి చదువు అవుతుంది.

ఇది పిల్లల బొమ్మ అని మీ వారు కొట్టిపారేస్తే ఎక్స్‌బాక్స్ 360 అనే గేముల పెట్టె కథ చెప్పండి. 2005లో వచ్చిన ఆ పెట్టెలు వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కి చిప్పు లోపలి సన్నని అతుకులు విరిగిపోయేవి. పెట్టె ముందువైపు ఎర్ర లైట్లు వెలిగేవి, పెట్టె పని చేసేది కాదు. 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకు 100 కోట్ల డాలర్లకు పైగా లెక్క చూపించింది. ఒక్క అతుకు విలువ అంత. అతుకుల గురించి చేత్తో నేర్చుకుంటున్న పిల్లవాణ్ణి తక్కువగా చూడవద్దని ఆయనకు నా మాటగా చెప్పండి.

ఇక రెండు భయాలు. మీరు అడగలేదు, కానీ నాకున్నాయి.

మొదటిది ప్రాణభయం. సన్నగా ఉండే ప్లేస్టేషన్ 2ల్లో చాలావాటికి అడాప్టరు బయట ఉంటుంది, పెట్టెలోకి 8.5 వోల్టులే వెళ్తాయి. అదే లావు ప్లేస్టేషన్ 2లో, చివరగా వచ్చిన సన్న ప్లేస్టేషన్ 2లో, ప్లేస్టేషన్ 4లో గోడ ప్లగ్గు కరెంటు నేరుగా లోపలి పవర్ సప్లై డబ్బాలోకి వస్తుంది. 230 వోల్టులు అక్కడ 325 దాకా అవుతాయి, ప్లగ్గు తీసేసినా కరెంటు దాచుకునే కెపాసిటరులో కాసేపు నిలిచి ఉంటాయి. అడాప్టరైనా, లోపలి సప్లై అయినా, ఆ డబ్బా మాత్రం వాడు విప్పకూడదు. ఇందులో బతిమాలినా ఒప్పుకోకండి. సోల్డరింగ్ కిటికీ దగ్గరే చేయాలి. సోల్డరులోని సీసం (లెడ్) ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నానికి కూర్చోకూడదు. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకూడదు.

రెండోది చట్టం. దొంగ గేములు ఆడటానికి చిప్పు వేసి పెట్టమని రేపు స్నేహితులు డబ్బులతో వస్తారు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షను ప్రకారం, హక్కులకు గండి కొట్టే ఉద్దేశంతో, కాపీ చేయకుండా పెట్టిన రక్షణ తాళం విరగ్గొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అమెరికాలో ఇలాంటి చిప్పుల వ్యాపారంలో ఉన్న గ్యారీ బౌసర్‌కు 2022లో 40 నెలల శిక్ష పడింది. విప్పి తెలుసుకోవడం మీద నాకు గౌరవమే. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ మొదటి ఎక్స్‌బాక్స్ విప్పిన ఆండ్రూ హువాంగ్, చిప్పుల మధ్య పరుగెత్తే సంకేతాలు పట్టుకుని 2002లో దాని రహస్య తాళంచెవి కనిపెట్టాడు. తెలిసింది ప్రచురించాడు, తర్వాత పేరున్న హార్డ్‌వేర్ డిజైనరు అయ్యాడు. ఈ ఇద్దరి కథా వాడికి చెప్పండి, ఏ దారి ఎటు పోతుందో వాడికే అర్థమవుతుంది.

చదువు దగ్గరికి వస్తే, లెక్కలు బాగా వస్తే ప్లస్ టూలో ఎంపీసీ, తర్వాత ఎలక్ట్రానిక్స్ బీటెక్. లెక్కలంటే వెనకాడుతూ చేతి పనిలో ముందుంటే పది తర్వాత మూడేళ్ల డిప్లొమా. ఒడిశాలో ఆ సీట్లు పదో తరగతి మార్కుల మీద, రాష్ట్ర ప్రభుత్వ ప్రవేశాల వెబ్‌సైటైన శామ్స్ పోర్టల్ ద్వారా ఇస్తారు. డిప్లొమా అయ్యాక నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. దాన్ని తక్కువ చదువు అనుకోకండి. బాగు చేసే చెయ్యి ఉన్నవాడికి అదే మంచి దారి అని నా అభిప్రాయం. అవకాశాలు మన రాష్ట్రంలోనూ వస్తున్నాయి. భువనేశ్వర్‌లో సిలికాన్ కార్బైడ్ చిప్పుల ఫ్యాక్టరీకి కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టులో అనుమతి ఇచ్చింది.

విశాఖ గురించి మీ వారు తప్పక వినవలసింది ఒకటుంది. ఎన్‌ఐటీల్లో (కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల్లో) సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి. ఆ సొంత రాష్ట్రాన్ని మీ ఆధార్ చిరునామా బట్టి కాదు, పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యాడన్న దాన్ని బట్టి లెక్క వేస్తారు. విశాఖలో ఇంటర్ చేస్తే ఒడిశాలోని రూర్కెలా ఎన్‌ఐటీలో మీ బాబు బయటి రాష్ట్రం వాడవుతాడు, ఆంధ్రలోని తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సొంతవాడవుతాడు. రాయగడలోనే ప్లస్ టూ చదివితే రూర్కెలాలో ఆ సొంత రాష్ట్రం సగం సీట్లకు పోటీ పడవచ్చు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఒడిశా రాష్ట్ర ప్రవేశాలు జరిపే ఓజేఈఈ కౌన్సెలింగ్‌లో ఒడిశా కాలేజీలూ ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా రెండూ ఉన్న పిల్లవాణ్ణి పదహారేళ్లకే తన టేబులూ మల్టీమీటరూ లేని హాస్టలుకు పంపడం నాకు ఇష్టం లేదు.

పదో తరగతి పరీక్షల దాకా ఆదివారం సాయంత్రం మాత్రమే పని, అదీ ఒక్క పెట్టె. ఆ ఒప్పందం వాడితోనే కాగితం మీద రాయించండి. లెక్కలు, సైన్సు మార్కులు వచ్చాక, నోటుపుస్తకంలో నాలుగు పేజీలు ఫొటో తీసి నాకు పంపండి. హాస్టలు ఫీజు ఏదైనా అప్పటిదాకా కట్టకండి.