అడ్డగాలిలో ఫైటర్ జెట్ దించడమెలా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఫ్లైట్ సిమ్యులేటర్

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సూపర్ హార్నెట్ ఫైటర్ జెట్‌ను మన కడప ఎయిర్‌పోర్టులో దించుతున్నాను. రన్‌వే 29. గాలి 240 డిగ్రీల నుంచి 20 నాట్లు. చివరిదాకా బాగానే వస్తుంది, తీరా నేలను తాకే ముందు కుడికి కొట్టుకుపోతుంది. చిన్న సెస్నా విమానంలో మాదిరి ఎడమ రెక్క వంచి దించాలా? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: వంచొద్దు. రెక్కలు సమంగా ఉంచి, ముక్కును గాలివైపు తిప్పి, పీత నడిచినట్టు రావాలి. దీన్నే క్రాబ్ అంటారు. మీరు పెట్టుకున్నది ఆషాఢంలో సీమను ఊపేసే నైరుతి గాలే, సాధనకు చక్కగా సరిపోతుంది.

ముందు లెక్క చూడండి. రన్‌వే దిశ దాదాపు 290, గాలి 240, తేడా 50 డిగ్రీలు. అంటే 20 నాట్లలో 15 అడ్డంగా, 13 ఎదురుగా పడతాయి. తేడా 30 డిగ్రీలైతే గాలిలో సగం, 45 అయితే పదింట ఏడొంతులు అడ్డగాలి. 60 దాటితే మొత్తం అడ్డగాలే అనుకోండి. ఇప్పుడు అడ్డగాలిని మీ వేగంతో భాగించి 60తో గుణించండి. 140 నాట్ల మీద వస్తుంటే ఆరు డిగ్రీల పైచిలుకు వస్తుంది. కాబట్టి ముక్కు 284 చూస్తుండాలి, విమానం 290 మీద సాగాలి.

మీ తప్పు బహుశా ముక్కును రన్‌వేకి తిన్నగా తిప్పే సమయంలో ఉంది. 50 అడుగుల ఎత్తులోనే రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెడల్ తొక్కి తిన్నగా చేస్తే, గాలికి అడ్డుకట్టగా ఉన్న ఆ ఆరు డిగ్రీలూ పోతాయి. 15 నాట్లంటే సెకనుకు 7.7 మీటర్లు. విమానం ఒక్కసారిగా ఆ వేగం అందుకోకపోయినా, ఎంతసేపు గాల్లో తేలితే అంత పక్కకు జరుగుతుంది. హార్నెట్‌కు అసలు తేలే పనే లేదు. ఓడ మీద దిగడానికి చేసిన కాళ్లవి. 8.1 డిగ్రీల యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురొచ్చే గాలికి రెక్క చేసే కోణం) పట్టుకుని, ఫ్లేర్ చేయకుండా, అంటే చివర్లో ముక్కు ఎత్తకుండా, క్రాబ్‌తోనే నేలకు తాకించండి. గాలి మరీ ఎక్కువైతే చక్రాలు తాకేముందు రడ్డర్‌తో సగం కోణం తీసేస్తే చాలు. మిగతా సగం చక్రాలే సరిచేస్తాయి.

చూపు ముక్కు మీద కాదు, హడ్‌లో, అంటే కళ్లెదుటి గాజు తెరలో, కనిపించే రెక్కల సున్న మీద, అంటే వెలాసిటీ వెక్టర్ మీద పెట్టండి. విమానం నిజంగా వెళ్తున్నది అటే. మీ గాలికి అది హడ్ మధ్యనుంచి కుడికి జరిగి ఉంటుంది. దాన్ని రన్‌వే మొదట్లో మీరు దిగాలనుకున్న చోట నిలపండి. డీసీఎస్ అనే మరో సిమ్యులేటర్‌లోని హార్నెట్‌లో వెక్టర్‌ను కేజ్ చేసి, అంటే మధ్యలో బిగించి ఉంటే అది మధ్యలోనే కూర్చుంటుంది. డ్రిఫ్ట్, అంటే పక్కకు జరగడం, కనబడక చాలామంది మోసపోయేది ఇక్కడే. ఎఫ్-16లో అయితే డ్రిఫ్ట్ స్విచ్ నార్మ్‌లో (మామూలు స్థానంలో) ఉందో లేదో దిగేముందు చూసుకోండి.

ప్రశ్న: డీసీఎస్‌లో ఎఫ్-16 చక్కగా తాకుతుంది. గాలి ఎడమ నుంచి వస్తే, తాకాక పరుగులో ఎడమకే తిరిగి గడ్డిలోకి పోతుంది. – ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: తోకపై నిలువురెక్క గాలికోడిలా పనిచేస్తుంది కాబట్టి ముక్కు గాలివైపే తిరుగుతుంది. దానికి తోడు, ఎఫ్-16లో స్టిక్ పక్కకు వంచితే దానికి తగిన రడ్డర్‌ను కంప్యూటరే కలుపుతుంది. చక్రాలు తిరగడం మొదలవగానే ఆ జోడింపు తెగిపోతుంది. ఆ క్షణంలో స్టిక్ పక్కకు పట్టి ఉంటే ముక్కు ఒక్కసారి అదురుతుంది. అందుకే తాకేటప్పుడు స్టిక్ మధ్యలో ఉండాలి.

తర్వాత ముక్కు ఎత్తి గాలితో వేగం తగ్గించేటప్పుడు 13 డిగ్రీలు దాటనివ్వకండి. 15 దాటితే వెనక ఇంజిన్ గొట్టం (నాజిల్) నేలకు రాసుకుంటుంది. మామూలు రోజున 80 నాట్ల దాకా ముక్కు ఎత్తి ఉంచొచ్చు. బలమైన అడ్డగాలిలో మాత్రం 100 దగ్గరే నెమ్మదిగా దించేయండి. ఎడమ గాలికి కుడి రడ్డర్, స్టిక్ కొద్దిగా ఎడమకు. రడ్డర్ పట్టు తగ్గాక కుడి బ్రేకు కాస్త ఎక్కువ నొక్కండి. నోస్‌వీల్ స్టీరింగ్‌ను ట్యాక్సీ వేగానికి వచ్చాకే, పెడల్ మధ్యకు తెచ్చాకే ఆన్ చేయాలి. పెడల్ తొక్కి ఉండగా ఆన్ చేస్తే ముందు చక్రం ఒక్క ఉదుటున తిరుగుతుంది. మిగ్-21 నడిపేవారికి ఇంకో మాట: బ్రేక్ పారాచూట్ కూడా తోకను గాలివాటుకు లాగుతుంది. ముక్కు అదుపు తప్పుతోందనిపిస్తే వెంటనే వదిలేయండి.

ప్రశ్న: డీసీఎస్ మిషన్ ఎడిటర్‌లో గాలి 10 మాత్రమే పెట్టాను, తుఫానులా ఉంది. – ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: అది నాట్లు కాదు, సెకనుకు మీటర్లు. 10 అంటే 19 నాట్ల పైనే. 4తో మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచండి.

ప్రశ్న: రడ్డర్ పెడల్స్ లేవు, జాయ్‌స్టిక్ ట్విస్ట్‌తో నడుపుతున్నాను. ముక్కు అటూ ఇటూ వణుకుతోంది. – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మన దుమ్ము సంగతి తెలిసిందే కదండీ. చవక స్టిక్కుల్లో ట్విస్ట్‌కు పొటెన్షియోమీటర్ (తిప్పిన కొలతను చెప్పే భాగం) ఉంటుంది, దాని పట్టాపై దుమ్ము చేరితే రీడింగ్ గెంతుతుంది. కేబుల్ పీకి, అడుగు విప్పి, ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై ముప్పైసార్లు తిప్పండి. ఆరాకే కేబుల్ పెట్టండి. సెట్టింగుల్లో డెడ్‌జోన్ (మధ్యలో కదలికను పట్టించుకోని మేర) 3 నుంచి 5, కర్వ్ (మధ్యలో స్పందనను మెత్తబరిచేది) 15 నుంచి 20 సరిపోతాయి. డెడ్‌జోన్ పెంచి వణుకును దాచారంటే దిగేటప్పుడు సన్నటి రడ్డర్ అందదు. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో ఆటో రడ్డర్ ఆన్‌లో ఉంటే ముందు అది తీసేయండి, లేకుంటే మీ చేయి, దాని చేయి రెండూ ఒకే పెడల్ మీద పడతాయి.